బెంగళూరుకా, చెన్నైకా? జీతంతో పాటు రాష్ట్రాన్నీ తూచి చూసుకోండి

కుప్పం, మదనపల్లె, పలమనేరు, హిందూపురం వైపు నుంచి బెంగళూరులో ఉన్న మనవాళ్లకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తరచూ ఉంటుంది. "అన్నా, నరసాపురలో ఫోన్ల కంపెనీకి పిలిచినారు. శ్రీపెరంబుదూరులో కూడా పిలిచినారు. యాడికి పోతే మేలు?" నరసాపుర బెంగళూరు వైపు కోలార్ జిల్లాలో ఉంది, శ్రీపెరంబుదూరు చెన్నై పక్కన. కుప్పం పిల్లలకైతే ఈ ప్రశ్న మరీ దగ్గరిది. అక్కడి స్టేషన్లో ఒక వైపు బండెక్కితే బెంగళూరు, ఇంకో వైపు ఎక్కితే చెన్నై.

మనం మామూలుగా చెప్పే జవాబుల్లో జీతం ఉంటుంది, గది అద్దె ఉంటుంది, తెలిసినవాళ్లు ఎక్కడున్నారన్న లెక్క ఉంటుంది. రాష్ట్రం మాత్రం ఉండదు. నా అభిప్రాయంలో అదే పెద్ద లోటు. రెండు ప్రభుత్వాలూ పెట్టుబడుల కోసం పోటీ పడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానం అయిదేళ్లలో ఏడున్నర లక్షల కోట్ల పెట్టుబడి, 20 లక్షల ఉద్యోగాలు అంటోంది. 2030 నాటికి లక్ష కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ అవుతామని తమిళనాడు అంటోంది. వినడానికి రెండూ బాగున్నాయి. కంపెనీ జీతం ఆపినా, చెప్పాపెట్టకుండా తీసేసినా, పన్నెండు గంటలు నిలబెట్టినా ఆ రాష్ట్రం ఏం చేస్తుందనేది మాత్రం ఈ అంకెల్లో కనపడదు.

పోల్చేటప్పుడు ఒక తేడా మనసులో పెట్టుకోండి. ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చేది ఒకటి, కంపెనీ చేత ఇప్పించేది ఒకటి. ఉచిత బస్సు, నెలనెలా ఇంటి ఇల్లాలికి డబ్బు, ఉచిత కరెంటు మొదటి రకం. పర్మినెంట్ చేయాలన్న చట్టం, సెలవు ఇవ్వాలన్న ఉత్తర్వు, ప్రతి డెలివరీ మీద కంపెనీ కట్టాల్సిన రుసుము రెండో రకం. మొదటి రకానికి చాలాసార్లు ఆ రాష్ట్రపు చిరునామా, రేషన్ కార్డు కావాలి. కొత్తగా వచ్చిన మన చేతిలో అవి ఉండవు. రెండో రకం మన ఊరేదని అడగదు. ఆ గేటు లోపల పనిచేస్తే చాలు, వర్తిస్తుంది. వలస వచ్చేవాళ్లు రెండో రకాన్ని చూసి రాష్ట్రాన్ని ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం.

ఎక్కడికెళ్లినా మారనివి

వీటిని త్వరగా ముగిస్తాను. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కేంద్రానివి. పీఎఫ్ ఖాతాలకు ఇచ్చే యూఏఎన్ నంబరు ఒకటే వెంట వస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ. అందులో మన వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. పాత 29 చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. మీరు మానేసినా, వాళ్లు తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఫిక్స్‌డ్ టర్మ్ కింద, అంటే ఇంత కాలానికని గడువు రాసి చేరినవాళ్లకు ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఇవి మంచివే. అయితే అదే కోడ్‌లు 300 మంది కంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీని మూసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదన్నాయి. అంతకుముందు ఆ హద్దు 100 మంది.

ఆంధ్రా, తెలంగాణ రేషన్ కార్డు మీద రావాల్సిన కేంద్రం వాటా బియ్యం రెండు నగరాల్లోనూ తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కింద వేలిముద్ర వేస్తే చాలు. ఊళ్లో కార్డు వదిలేసి వచ్చి అంగట్లో కిలో అరవైకి కొనుక్కునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కేంద్ర చట్టం ఒకటే అయినా దాన్ని అమలు చేసే లేబర్ ఇన్‌స్పెక్టరు, రాజీ కుదిర్చే అధికారి రాష్ట్ర ప్రభుత్వపు మనుషులు. తేడా అక్కడ మొదలవుతుంది.

ఫ్యాక్టరీ పని: చెన్నై వైపే మొగ్గుతాను

దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఫ్యాక్టరీలున్న రాష్ట్రం తమిళనాడు. 2019-20 పరిశ్రమల సర్వే ప్రకారం దేశం మొత్తం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లలో సుమారు 43 శాతం ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారు. శ్రీపెరంబుదూరు, ఒరగడం, ఇరుంగాట్టుకోట్టై వైపు వెళ్తే కార్లు, ఫోన్లు, ఫ్రిజ్‌లు, టైర్లు తయారుచేసే కంపెనీలు వరసగా కనిపిస్తాయి. ఒక చోట పని పోతే నాలుగు కిలోమీటర్లలో ఇంకోటి వెతుక్కోవచ్చు. చేతిలో పని నేర్చుకున్న కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు.

నేను చెన్నై వైపు మొగ్గడానికి అసలు కారణం 1981 నాటి ఒక రాష్ట్ర చట్టం. పనివారికి పర్మినెంట్ హోదా కల్పించే తమిళనాడు చట్టం అది. 24 నెలల్లో 480 రోజులు ఒకే సంస్థలో పనిచేసినవాణ్ణి పర్మినెంట్ చేసి తీరాలని అది చెబుతుంది. నెలకు సగటున 20 రోజులు. వారానికి ఆరు రోజులు వెళ్లేవాడైతే ఏడాదిన్నర దాటగానే ఆ లెక్క నిండుతుంది. కర్ణాటకలో ఇలాంటి చట్టం లేదు. ఇక్కడ ఏళ్ల తరబడి 'టెంపరరీ' మాట మీద ఉన్నవాళ్లు పర్మినెంట్ కావాలంటే లేబర్ కోర్టులో కంపెనీ అన్యాయం చేసిందని నిరూపించుకోవాలి. అక్కడ రోజుల లెక్క చూపించి అడగవచ్చు.

కంపెనీలకు ఈ చట్టం బాగా తెలుసు, అందుకే దాన్ని తప్పించుకునే దారులూ వెతుక్కున్నాయి. ట్రైనీ అంటారు, అప్రెంటిస్ అంటారు, 400 రోజులు దాటగానే కొన్నాళ్లు ఇంటికి పంపి మళ్లీ కొత్త లెటరు ఇస్తారు, లేదా కాంట్రాక్టరు పేరు మారుస్తారు. అప్రెంటిస్ చట్టం కింద చేరితే ఆ రోజులు ఈ లెక్కలోకి రావు. కాంట్రాక్టరు చేతి కింద ఉన్నవాళ్లకు దారి ఉంది గానీ అది పొడవైనది, కోర్టు దాకా పోవాల్సినది. కాబట్టి శ్రీపెరంబుదూరు ఆఫరు వచ్చిందంటే మొదట అడగాల్సింది జీతం ఎంతని కాదు, "కంపెనీ రోల్ మీదనా, కాంట్రాక్టరు రోల్ మీదనా" అని. అంటే మీ పేరు ఎవరి జీతాల పట్టీలో ఉంటుందని. కంపెనీ రోల్ మీద టెంపరరీ అన్నా, కాంట్రాక్టరు ఇచ్చే రెండు వేల ఎక్కువ జీతం కంటే నేను దాన్నే ఎంచుకోమంటాను.

ఈ తేడా తెలుసుకోవడానికి పేస్లిప్ చాలు. కాంట్రాక్టు పేస్లిప్ మీద పైన పెద్ద అక్షరాల్లో కాంట్రాక్టరు పేరు ఉంటుంది. మీరు రోజూ వెళ్లే కంపెనీ పేరు కింద ఎక్కడో 'క్లయింట్' అనో 'సైట్' అనో చిన్నగా ఉంటుంది. కొన్నిట్లో అసలు ఉండదు. తర్వాత బేసిక్, డీఏ, ఇంటి అద్దె అలవెన్సు. కుడి వైపు కోతలు: పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను, ఆ కింద యూనిఫాం, బస్సు, క్యాంటీన్. ఈ ఆఖరి మూడింటినీ నెలనెలా పోల్చి చూడండి. చేరేటప్పుడు చెప్పని కోత మూడో నెలలో దూరుతుంది. కంపెనీ పేరే లేని పేస్లిప్ ఇస్తుంటే మీ గేట్ పాస్, ఐడీ కార్డు ఫొటో తీసి దాచుకోండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. మీరు ఆ కంపెనీలోనే పనిచేశారని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి, అంతే.

ఆ కాగితం విలువ ఏమిటో నరసాపుర చెప్పింది. 2020 డిసెంబరు 12న కోలార్ జిల్లా నరసాపురలోని విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో జీతాలు సరిగా అందక పనివాళ్ల కోపం విధ్వంసం దాకా వెళ్లింది. వాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీల ద్వారా చేరినవాళ్లే. అక్టోబరు, నవంబరు జీతాల్లో ఆలస్యం జరిగిందని ఆపిల్ సంస్థ కూడా ఒప్పుకుంది, విస్ట్రాన్‌ను కొంతకాలం ప్రొబేషన్లో పెట్టి కొత్త ఆర్డర్లు ఆపింది. ఇప్పుడా ఫ్యాక్టరీ టాటాల చేతిలో ఉంది. జీతం రాలేదని చెప్పుకోవడానికి వాళ్లకు దగ్గరలో ఒక దారి ఉండి ఉంటే ఆ రోజు అలా అయ్యేది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

చెన్నైలో అంతా సాఫీగా ఉందని చెప్పడం లేదు. 2024 సెప్టెంబరు 9న శ్రీపెరంబుదూరు సామ్‌సంగ్ ఫ్యాక్టరీ పనివాళ్లు సమ్మెకు దిగారు. వాళ్లు అడిగిన వాటిలో మొదటిది తమ యూనియన్‌కు గుర్తింపు. 37 రోజులు నడిచింది. మధ్యలో అరెస్టులు జరిగాయి. మంత్రులు కూర్చుని మాట్లాడాక అక్టోబరు 15న ముగిసింది. యూనియన్ రిజిస్ట్రేషన్ మాత్రం మద్రాస్ హైకోర్టు గడువు పెట్టాక 2025 జనవరిలో గానీ రాలేదు. సామాజిక న్యాయం గురించి అంతగా మాట్లాడే ప్రభుత్వం ఒక యూనియన్ నమోదుకు అన్ని నెలలు తీసుకోవడం నాకు నచ్చలేదు. అయినా చివరికి యూనియన్ వచ్చింది, ఫ్యాక్టరీ నడుస్తోంది, పెట్టుబడి ఎక్కడికీ పారిపోలేదు. అడిగితే కంపెనీలు వెళ్లిపోతాయని మనల్ని భయపెట్టేవాళ్లకు ఇది చూపించండి.

పని గంటల విషయంలోనూ తేడా ఉంది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునే వీలు ఇచ్చింది. మూడు నెలల్లో ఓవర్‌టైమ్ హద్దును 75 గంటల నుంచి 144కు పెంచింది. రెండు నెలలకే తమిళనాడు కూడా అలాంటి బిల్లే పాస్ చేసింది. కానీ సొంత కూటమి పార్టీలు, యూనియన్లు ఎదురు తిరగడంతో మూడు రోజుల్లో ఆపేసి, మే డే నాడు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కర్ణాటకలో 12 గంటల పనికి పనివాడి లిఖితపూర్వక అంగీకారం కావాలి. చేరే రోజు సంతకం పెట్టించుకునే కాగితాల దొంతరలో అది కూడా ఉండవచ్చు. చదవకుండా సంతకం పెట్టకండి.

బెంగళూరు ఫ్యాక్టరీ పనివాళ్లకు పోరాటం తెలియదని కాదు. 2016 ఏప్రిల్లో కేంద్రం పీఎఫ్ డబ్బును 58 ఏళ్ల దాకా పూర్తిగా తీసుకోనివ్వమన్నప్పుడు, మా బొమ్మనహళ్లి గార్మెంట్ ఆడవాళ్లే హోసూరు రోడ్డును స్తంభింపజేశారు. వాళ్లలో చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. రెండు రోజుల్లో ఆ నిబంధన రద్దయింది. దేశం మొత్తానికి మేలు చేసిన ఆ కుట్టుమిషన్ల దగ్గరి ఆడవాళ్లకు మనం ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

బైకు మీద డెలివరీ, క్యాబ్: బెంగళూరే

ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. ఫ్యాక్టరీల్లో కంపెనీకి వెసులుబాటు ఇచ్చిన కర్ణాటక, యాప్ కంపెనీల విషయంలో దేశంలోనే గట్టి చట్టాల్లో ఒకటి చేసింది. రాజస్థాన్ 2023లో మొదటి చట్టం చేసింది. కర్ణాటక 2025 మేలో ఆర్డినెన్స్ తెచ్చి, ఆగస్టులో శాసనసభలో దాన్ని చట్టం చేసింది.

దీంట్లో మీ జీవితానికి తగిలే సంగతులు ఇవి. ప్రతి లావాదేవీలో మీకు చెల్లించే మొత్తం మీద 1 నుంచి 5 శాతం మధ్య సంక్షేమ రుసుము కంపెనీయే కట్టాలి, అది మీ సంపాదనలోంచి కోసేది కాదు. ఆ డబ్బు ఒక సంక్షేమ మండలికి వెళ్తుంది. మీకు ఒక నంబరు వస్తుంది, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మారినా అదే నంబరు ఉంటుంది. ఐడీ ఆపేయాలంటే 14 రోజుల ముందు కారణం రాసి చెప్పాలి. వేరేవాళ్లకు ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లోనే దీనికి మినహాయింపు. రేటింగు ఎలా లెక్కిస్తారు, ఆర్డర్లు ఎలా పంచుతారు అన్నది మీకర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉంది. కోత కోస్తే ఎందుకో చూపించాలి.

రాత్రికి రాత్రి ఐడీ బ్లాక్ అయి, మాట్లాడటానికి మనిషే దొరక్క యాప్‌లోని చాట్‌కు మొర పెట్టుకున్న కుర్రాళ్లను మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఏ టీ అంగడి దగ్గరైనా చూడవచ్చు. బండి ఈఎంఐ తేదీ దగ్గరపడుతుంటే వాళ్ల మొహాలు చూడలేం. ఆ 14 రోజుల నోటీసు వాళ్లకు ఎంత ఊరటో బయటివాళ్లకు తెలియదు. ఈ చట్టం పూర్తిగా అమలు కావడానికి పోరాడాల్సింది ఇంకా ఉంది, కానీ అడగడానికి ఆధారం మాత్రం చేతికి వచ్చింది.

తమిళనాడు కూడా 2023లో గిగ్ పనివాళ్లకు, అంటే ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లకు, సంక్షేమ బోర్డు పెట్టింది. ప్రమాద సాయం, పిల్లల చదువు సాయం లాంటివి దాని ద్వారా వస్తాయి. చెన్నై కార్పొరేషన్ డెలివరీ కుర్రాళ్లకు ఏసీ విశ్రాంతి గదులు కట్టింది. ఈ-స్కూటర్ కొనుక్కోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 20,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. మండు వేసవిలో అన్నానగర్‌లో కాసేపు ఏసీలో కూర్చోగలగడం మంచిదే. కానీ ఇదంతా ప్రభుత్వం ఇచ్చేది, కంపెనీ మీద పడే భారం దీంట్లో దాదాపు లేదు. రేటింగ్ తగ్గించినప్పుడో, ఐడీ ఆపినప్పుడో కంపెనీని నిలదీయడానికి కర్ణాటకలో ఉన్నంత పట్టు అక్కడ లేదు.

కాబట్టి బండి నడిపి బతకాలనుకునేవాళ్లు బెంగళూరు ఎంచుకోండి. ట్రాఫిక్ నరకం అన్న మాట నిజమే, పెట్రోలు ఖర్చు లెక్కలో వేసుకోండి. వచ్చిన మొదటి వారమే కేంద్రం వారి కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదు చేసుకోండి. రెండు లక్షలు జీవిత బీమా, రెండు లక్షలు ప్రమాద బీమాతో కర్ణాటక ఇచ్చే ఉచిత పథకానికి అది కావాలి. తర్వాత వాయిదా వేస్తే ఏదో ఒక రోజు సిల్క్ బోర్డు దగ్గర బండి జారినప్పుడు గుర్తొస్తుంది.

ఐటీ ఉద్యోగం

ఇక్కడ నగరం కంటే కంపెనీయే ముఖ్యం. అయినా రాష్ట్రం పాత్ర ఉంది. ఉద్యోగ షరతులు రాతలో పెట్టాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి కర్ణాటక ఐటీ కంపెనీలకు ఏళ్ల తరబడి మినహాయింపు ఇస్తూ వచ్చింది. 2019లో అయిదేళ్లకు ఇచ్చి, 2024లో మరో అయిదేళ్లు పొడిగించింది. దానికి షరతులున్నాయి. యాజమాన్యం, ఉద్యోగులు సమానంగా ఉండే ఫిర్యాదుల కమిటీ పెట్టాలి. ఎవరినైనా సస్పెండ్ చేసినా, తీసేసినా లేబర్ కమిషనర్‌కు తెలియజేయాలి. ఈ షరతుల మాట చాలామంది ఉద్యోగులకు తెలియదు, హెచ్‌ఆర్ చెప్పదు. కోడ్‌లు వచ్చాక పాత చట్టం పోయింది గానీ, "ఫిర్యాదుల కమిటీ ఎవరెవరు?" అని మెయిల్లో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తమిళనాడు అలాంటి మినహాయింపు జోలికి పోలేదు. ఐటీ ఉద్యోగులూ యూనియన్ పెట్టుకోవచ్చని, పారిశ్రామిక వివాదాల చట్టం వాళ్లకూ వర్తిస్తుందని 2016లోనే ప్రభుత్వం స్పష్టం చేసింది. కాగితం మీద చెన్నైదే పైచేయి. ఆచరణలో మాత్రం బెంగళూరులో 2017లో మొదలైన ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ చురుగ్గా ఉంది. రోజుకు 14 గంటల దాకా పని చేయించుకునే ప్రతిపాదన 2024 జులైలో బయటికి వచ్చినప్పుడు అది గట్టిగా అడ్డుకుంది, ఆ ప్రతిపాదన చట్టం కాలేదు. నన్నడిగితే రెండూ సమానం. ఆఫర్లు దగ్గరదగ్గరగా ఉంటే ఇంకో కంపెనీకి మారే అవకాశాలు ఎక్కువున్న బెంగళూరుకే రండి. బలవంతంగా రిజైన్ చేయమంటే మాత్రం సంతకం పెట్టకుండా బయటికి వచ్చి, బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న కార్మిక శాఖ ఆఫీసు, కార్మిక భవన దాకా వెళ్లండి. మనవాళ్లు చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. రిజైన్ చేశాక మీకు మీరే వెళ్లిపోయినట్టు రాసుకుంటారు, తర్వాత వాదించడం చాలా కష్టం.

ఆడపిల్లల్ని పంపేటప్పుడు

తల్లిదండ్రులు మొదట అడిగేది హాస్టల్ గురించి. ఆ ప్రశ్న సరైనదే. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్‌లో పనిచేసే ఆడపిల్లలు హాస్టల్ తిండి తిని జబ్బుపడ్డారు. తోటి పిల్లలు చెన్నై-బెంగళూరు హైవే మీద కూర్చున్నారు. ఆ తర్వాతే అక్కడి హాస్టళ్ల పరిస్థితి దేశానికి తెలిసింది. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 706 కోట్లకు పైగా ఖర్చుతో, 18,720 మంది ఉండగలిగే వసతిని తమిళనాడు ప్రారంభించింది. గదుల విషయంలో ఇప్పుడు చెన్నై వైపు పరిస్థితి మెరుగే. ఏ కంపెనీ అయినా సరే, చేరే ముందు ఒక రోజు ముందుగా వెళ్లి ఆ హాస్టల్లో ఒక పూట భోజనం చేసి చూడండి. గదికి ఎంతమంది, బాత్రూములు ఎన్ని, ఆదివారం బయటికి పంపుతారా అని అక్కడుండే పిల్లల్నే అడగండి.

సెలవుల విషయంలో కర్ణాటక ముందుంది. నెలసరికి నెలకొక రోజు చొప్పున ఏడాదికి 12 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 2025 అక్టోబరులో మంత్రివర్గం నిర్ణయించింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. దాని మీద యజమానుల సంఘాలు కోర్టుకు వెళ్లాయంటేనే అది ఎంత అవసరమో తెలుస్తుంది. షోరూముల్లో, బట్టల అంగళ్లలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును తమిళనాడు 2021లో చట్టం చేసింది. టీ నగర్‌లో పన్నెండేసి గంటలు నిలబడే పిల్లలకు అది పెద్ద మేలు. మీ అమ్మాయి టెక్స్‌టైల్ షోరూములో చేరుతుంటే స్టూలు వేశారా లేదా కళ్లతో చూసి రండి.

బస్సు సంగతి. చెన్నైలో మామూలు టికెట్ బస్సుల్లో ఆడవాళ్లు ఊరికే ఎక్కవచ్చు, 2021 నుంచి ఉంది, చిరునామా కార్డు అడగరు. బెంగళూరులో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. ఆంధ్రా ఆధార్‌తో ఎక్కితే టికెట్ కొనాల్సిందే. రెండేళ్లకు మించి ఇక్కడే ఉంటారనుకుంటే చిరునామా మార్చుకోండి. ఊళ్లో పింఛనో, రేషనో ఆ ఆధార్‌తోనే ముడిపడి ఉంటే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి. ఆడపిల్ల ఫ్యాక్టరీకైతే చెన్నై, చదువుకుని ఆఫీసు ఉద్యోగానికైతే బెంగళూరు అంటాను.

స్థానికుల రిజర్వేషన్ భయం

2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో మేనేజ్‌మెంట్ స్థాయిలో 50 శాతం, ఆ కింద 70 శాతం స్థానికులకే ఇవ్వాలన్న బిల్లును ఆమోదించింది. స్థానికుడంటే ఇక్కడ పుట్టి, 15 ఏళ్లు ఇక్కడ ఉండి, కన్నడ చదవడం రాయడం వచ్చినవాడు. కంపెనీల నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో రెండు రోజుల్లోనే పక్కన పెట్టేశారు. ఆ రెండు రోజులు బెంగళూరు తెలుగు ఇళ్లలో ఇదే మాట.

మన ఆవేదన మనదే గానీ, 2019లో ప్రైవేటు పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది మన ఆంధ్రప్రదేశే. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. అందుకని ఈ భయంతో బెంగళూరు ఆఫరు వదులుకోకండి. కానీ ఇక్కడ పదేళ్లు బతకబోతున్నవాళ్లు కన్నడ నేర్చుకోవాలి. రాయలసీమ వాళ్లకు మాట ఎలాగూ సగం వచ్చు, లిపి మన లిపికి దగ్గరి చుట్టం. లేబర్ ఆఫీసులో, పోలీసు స్టేషన్లో, ఇంటి ఓనరు దగ్గర మీ గొంతు గట్టిగా వినపడాలంటే అది కావాలి. చెన్నైకి వెళ్తే తమిళానికీ ఇదే మాట.

ఇంటి దగ్గరే ఉండిపోతే?

ఇది మూడో దారి, ఇప్పుడు దీన్ని తీసిపారేయలేం. పెనుకొండ కియా 2019 నుంచి కార్లు చేస్తోంది, తడ దగ్గర శ్రీసిటీ ఉంది. దేవనహళ్లిలో 1,777 ఎకరాల భూసేకరణను రైతుల పోరాటం తర్వాత కర్ణాటక 2025 జులైలో వదిలేసుకుంటే, ఆ ఏరోస్పేస్ కంపెనీలను లేపాక్షి వైపు రమ్మని నారా లోకేశ్ వెంటనే పిలిచారు. విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసలకు ఇచ్చారు, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. అదే 2025లో రోజు పని గంటల హద్దును 10కి పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది.

పరిశ్రమ రావాలి, ఇంటి దగ్గరే పని దొరకాలి, దాన్ని కాదనేవాణ్ణి కాను. కానీ 99 పైసల భూమికి బదులు ఏ సంవత్సరానికి ఎన్ని ఉద్యోగాలు, అందులో కంపెనీ రోల్ మీద ఎన్ని, ఇవ్వకపోతే భూమి తిరిగి తీసుకుంటారా అన్నది ప్రజలకు తెలియాలి. మీ ఎమ్మెల్యేను గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న అది. ఆ జవాబు స్పష్టంగా వచ్చిన చోట ఇంటి దగ్గర ఉద్యోగమే మేలు. అద్దె మిగులుతుంది, అమ్మానాన్న దగ్గరుంటారు.

రెండు లెటర్లు చేతిలో ఉంటే

ఆఫర్ లెటర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సంతకం కింద ఉన్న పేరు మీరు రోజూ వెళ్లే కంపెనీదా, వేరేవాళ్లదా? ఉద్యోగం రకం దగ్గర ఏం రాశారు: పర్మినెంటా, ఫిక్స్‌డ్ టర్మా, ట్రైనీనా, అప్రెంటిసా? నోటీసు ఎన్ని రోజులు, అది ఇద్దరికీ సమానమా, లేక మీకు మూడు నెలలు, వాళ్లకు ఒక నెలా? బాండ్ అని రాసి మానేస్తే లక్ష కట్టాలంటే అది ఎందుకో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

ఈ ప్రశ్నలు మెయిల్లో రాసి పంపండి, ఫోన్లో కాదు. జవాబు రాతలో ఇచ్చే కంపెనీ జీతం వెయ్యి తక్కువైనా అదే ఎంచుకోండి. జవాబివ్వని కంపెనీ అయితే, చేరక తప్పని పరిస్థితి ఉన్నా, మొదటి నెల నుంచే పేస్లిప్, హాజరు, గేట్ పాస్ ఫొటోలు మీ మెయిల్‌కు మీరే పంపుకుంటూ ఉండండి.